పీవీ ఎన్నిసార్లు మారారు?

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి మా హాస్టల్ రూమ్‌లో డిబేట్ మొదలైంది. పదకొండింటికి మొదలైతే రెండున్నరకు ఆగింది. అది కూడా ఎవరో ఒప్పుకున్నారని కాదు, పొద్దున ల్యాబ్ ఇంటర్నల్ ఉందని ఒకడికి గుర్తొచ్చి. టాపిక్ పీవీ నరసింహారావు. భూస్వాముల భూమి మీద చెయ్యేసిన సోషలిస్టు అని ఒకడు. దేశాన్ని కంపెనీల చేతిలో పెట్టిన క్యాపిటలిస్టు అని ఇంకొకడు. అయోధ్యలో మసీదు కూలుతుంటే చూస్తూ కూర్చున్న మనిషి అని మూడోవాడు. భారతరత్న ఇచ్చినంక ఇంకా ఈ లొల్లి ఏందని నాలుగోవాడు. నలుగురూ ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నారంటే నమ్మబుద్ధి కాలేదు.

నా పరిస్థితి వాళ్లకంటే అన్యాయం. పదకొండింటికి నేను మొదటివాడి వైపు ఉన్నా, ఒంటిగంటకు రెండోవాడి వైపు. అప్పుడు ఒకడు ఫస్టియర్‌లో నేను క్లాస్ గ్రూప్‌లో పెట్టిన మెసేజ్ ఒకటి వెతికి తీసి అందరికీ చదివి వినిపించాడు. అందులో ఈ రెండూ కాకుండా మూడో మాట ఉంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వా, కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. పందొమ్మిదేళ్లకే మూడుసార్లు మారితే నాకంటూ ఒక అభిప్రాయం ఉన్నట్టా, లేనట్టా?

సెలవుల్లో మంథనిలో అమ్మమ్మ వాళ్లింటికి పోయినప్పుడు ఈ సంగతి తాతకు చెప్పా. తాతకు ఎనభై దాటినయ్. 1967 ఎన్నికల్లో ఆయన వేసిన మొదటి ఓటు పీవీకే. డిబేట్‌లో ఎవరు గెలిచారని తాత అడగలేదు. మీలో ఒక్కరన్నా ఆయన బతుకు ఎట్ల నడిచిందో చదివిన్రా అని మాత్రం అడిగాడు. ఎవరం చదవలేదు. మూడున్నర గంటలు అరుచుకున్నాం, ఒక్క పేజీ చదవలేదు. అందుకే ఆ సెలవులు మొత్తం చదివా. చదివింది ఇక్కడ రాస్తున్నా.

వంగర పిల్లవాడు

పీవీ 1921 జూన్ 28న వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే, మూడేళ్ల వయసులో, వంగరలో ఉన్న బంధువులు పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ దత్తత తీసుకున్నారు. వంగర అప్పుడు కరీంనగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు వరంగల్ వైపు పోయింది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. అంటే ఆయన ఊరు కూడా ఒక వైపు నిలబడలేదన్నమాట. వాళ్లది వందల ఎకరాలున్న భూస్వామి కుటుంబం. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

1938లో నిజాం రాజ్యంలో కాలేజీ స్టూడెంట్స్ వందేమాతరం పాడారు. ఉస్మానియా యూనివర్సిటీలో మొదలైన ఆ గొడవ వరంగల్ దాకా వచ్చింది. పాడొద్దని ఆర్డర్, పాడినవాళ్లకు డిస్మిస్. డిస్మిస్ అయిన వందల మందిలో పీవీ ఒకరు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు, అంటే మనకంటే చిన్న. సారీ లెటర్ రాసిస్తే అయిపోయేది కాదా అని నాకనిపించింది. మన దగ్గర అటెండెన్స్ తగ్గితేనే రాసిస్తాం కదా. ఆయన రాజ్యం దాటిపోయారు. నాగపూర్ యూనివర్సిటీ అలాంటి స్టూడెంట్స్‌ను చేర్చుకుంది. అక్కడ ఇంటర్మీడియట్, తర్వాత పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ, మళ్లీ నాగపూర్‌లో లా. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, పుణెలో మరాఠీ. ఇన్ని భాషలు వచ్చిన మనిషి అని మనం జీకే బిట్‌లా చదువుకుంటాం. అందులో సగం భాషలు కాలేజీ నుంచి గెంటేస్తే వచ్చినవని నాకు అప్పుడే తెలిసింది.

తిరిగొచ్చి హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్ లాయర్‌గా చేరారు. కానీ రాజకీయాల్లో మాత్రం నడిచింది స్వామి రామానంద తీర్థ వెనక. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌లో వీళ్లిద్దరివీ వేరువేరు గ్రూపులు. భూమి దున్నేవాడికి దక్కాలనే మాట స్వామీజీ గ్రూపులో గట్టిగా వినిపించేది. పొద్దున ఒక నాయకుడి ఆఫీసులో ఫైళ్లు, సాయంత్రం ఇంకో నాయకుడి మీటింగులో పని.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మనకు రాలేదు. ఆ ఏడాది పీవీ చాందా క్యాంపుకు పోయారు. సిర్పూర్ కాగజ్‌నగర్‌లో రైలెక్కితే బల్లార్షా దాటాక వచ్చే చంద్రాపూరే అప్పటి చాందా. ఆదిలాబాద్ జిల్లా సరిహద్దు అవతల కాంగ్రెస్ వాళ్లు పెట్టుకున్న క్యాంపు అది. ఇలాంటి సరిహద్దు క్యాంపుల నుంచే నిజాం పోలీసుల మీద, రజాకార్ల మీద దాడులు జరిగేవి. గాంధీ పార్టీలో ఉన్న మనిషి, ఆయుధాలున్న క్యాంపులో పని చేశారు. ఇదేం ఐడియాలజీ అని మా రూమ్‌లో అడిగితే మళ్లీ తెల్లారుతుంది.

గొల్ల రామవ్వ రాసిన కాంగ్రెస్ మనిషి

1948లో పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన పోయింది. ఆ కాలంలోనే పీవీ, ఆయన బంధువు పాములపర్తి సదాశివరావు కలిసి వరంగల్ నుంచి కాకతీయ పత్రిక నడిపారు. సదాశివరావు మార్క్సిస్టు, పీవీ కాంగ్రెస్. ఇద్దరూ జయ, విజయ అనే కలం పేర్లతో ఒకే పత్రికలో రాసేవాళ్లు. నన్ను ఎక్కువ ఆపింది ఈ విషయమే. ఒకరి రాజకీయం ఇంకొకరికి పట్టదు, అయినా పత్రిక కొన్నేళ్లు నడిచింది. మనం రూమ్‌మేట్‌తో ఓట్ల విషయంలో గొడవపడి వారం మాట్లాడం.

ఆ పత్రికలోనే పీవీ 1949లో గొల్ల రామవ్వ అనే కథ రాశారు. నిజాం పోలీసులతో తలపడి పారిపోతున్న ఒక కుర్ర విప్లవకారుణ్ణి తన గుడిసెలో దాచిన ముసలవ్వ కథ అది. ఆ టైమ్‌లో కాంగ్రెస్‌కు, కమ్యూనిస్టులకు తెలంగాణలో అస్సలు పడట్లేదు. సైన్యం వచ్చి నిజాంను దించాక అదే సైన్యం కమ్యూనిస్టు దళాల కోసం అడవులు గాలిస్తోంది. అలాంటప్పుడు ఒక కాంగ్రెస్ మనిషి రాసిన కథలో కనికరమంతా తుపాకీ పట్టిన పిల్లవాడి మీద, వాణ్ణి కాపాడిన అవ్వ మీద ఉంది. అలా అని ఆయన కమ్యూనిస్టు కాలేదు. ఎదుటి పక్షంలో ఉన్నవాళ్లను కూడా మనుషులుగా చూశారు, అంతే.

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు వస్తే కరీంనగర్ లోక్‌సభకు పోటీ చేసి బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఎల్లారెడ్డి కమ్యూనిస్టు. ఐదేళ్ల తర్వాత, 1957లో మంథని నుంచి ఎమ్మెల్యే అయ్యారు. అక్కడి నుంచి వరుసగా నాలుగుసార్లు గెలిచారు. 1962 నుంచి మంత్రి. విద్యాశాఖలో ఉన్నప్పుడు, 1968లో, కాలేజీ పుస్తకాలు తెలుగులో రావాలని తెలుగు అకాడమీ పెట్టారు. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను ఆయన గురించి ఎక్కువ భాగం ఇంగ్లీష్‌లోనే చదివా. ఇది రాస్తుంటే కొంచెం సిగ్గేసింది.

ఇంకో సంగతి. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలును హిందీలోకి సహస్రఫణ్ పేరుతో అనువాదం చేసింది ఈయనే. పాత జమీందారీ లోకం, దాని సంప్రదాయాలు కూలిపోతుంటే బాధపడిన నవల అది. మరాఠీ నుంచి హరి నారాయణ ఆప్టే నవలను అబల జీవితం పేరుతో తెలుగులోకి తెచ్చిందీ ఈయనే. అది ఆడవాళ్లను ఆ సంప్రదాయాలు ఎంత ఏడిపించాయో చెప్పిన నవల. రెండింటికీ ఒకే చెయ్యి.

సొంత భూమి మీద చట్టం

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు పీవీ అందులో కలవలేదు, మంత్రిగానే ఉన్నారు. మన దిక్కు చాలామందికి ఆ కోపం ఇప్పటికీ ఉంది. ఉద్యమం తర్వాత తెలంగాణ మనిషిని ముఖ్యమంత్రి చేయాలని ఢిల్లీ అనుకున్నప్పుడు, 1971 సెప్టెంబర్ 30న ఆయన్ని కూర్చోబెట్టారు. పెద్ద గ్రూపు లేని మనిషి, చెప్పినట్టు వింటాడని అందరూ అనుకున్నారు.

1972లో ఆయన భూముల అమ్మకాలు, బదిలీలు ఆపేస్తూ ముందు ఆర్డినెన్సు తెచ్చారు, తర్వాత సీలింగు చట్టం అసెంబ్లీలో పాస్ చేయించారు. ముందు ఆర్డినెన్సు ఎందుకంటే, చట్టం వస్తుందని తెలిస్తే రాత్రికి రాత్రే భూములన్నీ బంధువుల పేర్ల మీదికి, పాలేర్ల పేర్ల మీదికి పోతాయి. మన భాషలో చెప్పాలంటే ముందు డేటాబేస్ లాక్ చేసి, తర్వాత అప్‌డేట్ రన్ చేశారు. ఒక కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించింది ప్రభుత్వానికి ఇవ్వాలి.

వంగర భూమి గుర్తుందా? ఆ లెక్కలో ఆయన సొంత కుటుంబం కూడా ఉంది. వందల ఎకరాలు వదులుకున్నారు. అసెంబ్లీలో ఆయన ముందు కూర్చున్న ఎమ్మెల్యేల్లో చాలామంది పెద్ద రైతులు, భూస్వాములు. వాళ్లందరికీ ఒకేసారి శత్రువయ్యారు.

అదే ఏడాది అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే పాత నిజాం కాలపు రూల్స్ అవి. తీర్పును పీవీ సమర్థించారు. కోస్తాలో, రాయలసీమలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. సీలింగు మీద ఉన్న కోపం కూడా అందులో కలిసిందని చాలామంది రాశారు. అక్కడి మంత్రులు రాజీనామాలు చేశారు. 1973 జనవరిలో పీవీ దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. పదిహేను నెలల పదవి. తెలంగాణ వాళ్లకు ఉద్యమంలోకి రానివాడు, ఆంధ్ర వాళ్లకు తెలంగాణ పక్షపాతి. మళ్లీ ఆయన రాష్ట్రంలో ఏ మంత్రి పదవిలోకీ రాలేదు. ఈ అనుభవాలే తర్వాత 1998లో వచ్చిన ఇన్‌సైడర్ నవలకు ముడిసరుకు. తెలుగులో లోపలి మనిషి పేరుతో వచ్చింది. అందులో ఆనంద్ అనే పాత్ర చాలావరకు ఆయనే.

అరవై దాటిన కోడర్

1977లో, 1980లో హనుమకొండ ఎంపీ. ఇందిరాగాంధీ దగ్గర విదేశాంగ మంత్రి, తర్వాత హోం. 1984లో సొంత హనుమకొండలోనే బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేశారు కాబట్టి పార్లమెంటులో మిగిలారు. నాగపూర్ పక్కనే ఉంటుంది రాంటెక్. ఒకప్పుడు చదువు దొరికిన ఊరి పక్కనే సీటు కూడా దొరికింది.

రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో విద్య ఆయన చేతికి వచ్చినప్పుడే నవోదయ స్కూళ్లు మొదలయ్యాయి. చొప్పదండిలో, కాగజ్‌నగర్‌లో చదివి మన కాలేజీకి వచ్చినవాళ్లు ఉన్నారు కదా, ఆ నవోదయలే. రాజీవ్ చుట్టూ అంతా కంప్యూటర్లు తెలిసిన కుర్రవాళ్లు. పాతతరం నాయకులను ఎవరూ లెక్కచేయని రోజులు. పీవీ ఇంటికి ఒక కంప్యూటర్ తెప్పించుకుని, మాన్యువల్స్ ముందేసుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. టైపింగ్‌తో ఆగలేదు, బేసిక్, కోబాల్‌లో ప్రోగ్రాములు రాసే దాకా పోయారు. అప్పటికి వయసు అరవై దాటింది. నేను సెకండ్ సెమ్‌లో పాయింటర్స్ అర్థం కాక బ్రాంచ్ మారిపోదామనుకున్నా.

1991 ఎన్నికలకు ఆయన పోటీ కూడా చేయలేదు. ఒంట్లో బాగాలేదు, పుస్తకాలు సర్దుకుని ఢిల్లీ వదిలి వచ్చేద్దామనుకున్నారు. మే 21న రాజీవ్ గాంధీని చంపేశారు. జూన్ 21న పీవీ ప్రధానమంత్రి.

ముప్పై నాలుగు రోజులు

అప్పుడు దేశం దగ్గరున్న విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకు కూడా కష్టం. పెట్రోలు కొనాలన్నా డాలర్లు కావాలి. ఆయన రాజకీయాలతో సంబంధం లేని మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిని చేశారు. జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో దాదాపు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో తాకట్టుకు పోయింది. జూలై 24న బడ్జెట్. అదే రోజు, బడ్జెట్ కంటే ముందు, చప్పుడు లేకుండా కొత్త పారిశ్రామిక విధానాన్ని పార్లమెంటులో పెట్టించారు. పరిశ్రమల శాఖ ఆయన దగ్గరే ఉంది. 18 రంగాలు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదన్నది అందులో అసలు మాట. ప్రమాణం చేసిన రోజు నుంచి లెక్కపెడితే ముప్పై నాలుగో రోజు.

ఇరవై ఏళ్ల కింద భూమికి సీలింగు పెట్టిన మనిషే కంపెనీల మీద ఉన్న సీలింగులు ఎత్తేశారు. మా డిబేట్‌లో మొదటివాడూ రెండోవాడూ చెప్పింది ఇద్దరిదీ నిజమే. 1972లో ఆయన ముందున్న సమస్య భూమి కొద్దిమంది చేతిలో ఉండటం, 1991లో ఖజానా ఖాళీ అవడం. సమస్య మారింది, ఆయన తెచ్చిన జవాబు కూడా మారింది.

కానీ ఇక్కడ నాకు నచ్చని విషయం ఒకటి ఉంది. మారానని ఆయన బయటికి ఒప్పుకోలేదు. 1992 ఏప్రిల్‌లో తిరుపతి కాంగ్రెస్ మహాసభల్లో కూడా ఇదంతా నెహ్రూ బాటకు కొనసాగింపే అని వాదించారు. మెజారిటీ లేని ప్రభుత్వం, సొంత పార్టీలోనే వ్యతిరేకత, కాబట్టి తెలివైన పనే. అయితే ఎందుకు మారాల్సి వచ్చిందో అప్పుడే జనానికి విడమరిచి చెప్పి ఉంటే, ముప్పై ఏళ్ల తర్వాత మా రూమ్‌లో మూడున్నర గంటల గొడవ అయ్యేది కాదేమో.

మూడోవాడి మాట

ఇక మూడోవాడు అన్నది. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చేశారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మసీదును కాపాడతామని కోర్టుకు మాట ఇచ్చింది, పీవీ ఆ మాటను నమ్మారు. ముందే రాష్ట్రపతి పాలన పెట్టలేదు. పెట్టి ఉంటే రాజ్యాంగం ఒప్పుకునేదా అని ఆయన పక్షాన వాదించేవాళ్లు ఉన్నారు. ఆయన కూడా దీని మీద ఒక పుస్తకం రాసి, చనిపోయాకే బయటికి రావాలన్నారు, 2006లో వచ్చింది. ఏం వాదించినా మసీదు పోయింది. తర్వాతి అల్లర్లలో ఒక్క ముంబయిలోనే దాదాపు 900 మంది చనిపోయారు. 1984లో ఢిల్లీలో 2,700 మందికి పైగా సిక్కులను చంపినప్పుడు హోం మంత్రి కూడా ఆయనే.

ఇది చదివిన రోజు నేను పుస్తకం పక్కన పెట్టేశా. అప్పటిదాకా ఆయనంటే ఇష్టం పెరుగుతూ వచ్చింది. ఒక లెక్క మాత్రం నాకప్పుడు కనబడింది. 1938లో వందేమాతరానికి పోయింది ఆయన చదువు. 1972లో సీలింగుకు పోయింది ఆయన భూమి, తర్వాత ఆయన కుర్చీ. 1991లో ఎదురుతిరిగితే పోయేది ఆయన ప్రభుత్వం. 1984లో, 1992లో ఆగి చూసినందుకు పోయింది మాత్రం వేరేవాళ్ల ప్రాణాలు. ఆయన ఎన్నిసార్లు మారారన్నది నాకిప్పుడు పెద్ద విషయంగా అనిపించట్లేదు. ఆ మారినదానికి, మారకుండా ఆగినదానికి ఎవరు నష్టపోయారన్నదే చూడాలనిపిస్తోంది. ఆ లెక్కన ఆయన్ని మెచ్చుకోవాల్సిన చోటు ఉంది, నిలదీయాల్సిన చోటు ఉంది. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

గేటు బయట

1996 ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడింది. తర్వాతి ఏళ్లు కోర్టుల చుట్టూ గడిచాయి. ఎంపీల ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో చనిపోయారు. ఆయన శరీరాన్ని కాంగ్రెస్ ఆఫీసుకు తీసుకెళ్తే గేటు లోపలికి పోలేదు. జీవితమంతా ఉన్న పార్టీ అది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున దహనం చేశారు. ఇరవై ఏళ్లకు, 2024లో, వేరే పార్టీ ప్రభుత్వం భారతరత్న ఇచ్చింది. బతికుండగా ఎవరి లేబులూ పూర్తిగా అతకని మనిషికి, పోయాక అందరూ తలా ఒక లేబుల్ పట్టుకొచ్చారు.

ఈ సెమిస్టర్‌లో కూడా డిబేట్లు అవుతున్నయ్, టాపిక్‌లే వేరు. నేను ఇప్పుడు తక్కువ మాట్లాడుతున్నా. ఒకటి గమనించా, మా రూమ్‌లో ఎవరు ఏ వైపు మాట్లాడినా ఎవరికీ ఏమీ పోదు. సీటు పోదు, భూమి పోదు, మెస్ బిల్లు కూడా పెరగదు. అందుకే అంత గట్టిగా అరవగలుగుతున్నాం అనుకుంటా.

తాతకు ఫోన్ చేసి చదివినదంతా చెప్పా. ఇంతకీ ఆయన మంచోడే అంటవా అని తాత అడిగాడు. రెండు నిమిషాలు ఆలోచించి, సగం చెప్పి ఆగిపోయా. తాత నవ్వి, ఇప్పుడు జర చదివినట్టున్నవ్ అన్నాడు.

ఫస్టియర్‌లో నేను పెట్టిన ఆ మెసేజ్ ఇంకా గ్రూప్‌లో ఉంది. డిలీట్ చేద్దామని చాలాసార్లు అనుకున్నా, ఇప్పుడు చేయదలుచుకోలేదు. మొన్న దాని కిందనే రిప్లై పెట్టా. అప్పుడు ఇలా అనుకున్నా, ఇప్పుడు అనుకోవట్లేదు, ఎందుకంటే ఇదీ ఇదీ చదివా అని నాలుగు లైన్లు రాశా. పీవీ చేయని పని అదొక్కటే. నేనైతే చేయగలను కదా. ఇప్పటికి ముగ్గురు చూశారు, ఎవరూ ఇంకా గొడవకు రాలేదు.